నిమ్మళం మేసిన చెరువు

మబ్బు పట్టిన తెల్లవారుజామున చేపల చెరువు గట్టు మీద నిలబడ్డవాడు నీళ్లను చూడడు, నోళ్లను చూస్తాడు. రాత్రంతా నాచు నీటిలోని గాలిని తాగేసి ఉంటుంది. ఎండ రాదు. అడుగున ఊపిరి చాలక శీలావతి, బొచ్చె చేపలు పైకి తేలి, నోళ్లు తెరిచి గుటకలు వేస్తాయి. ఆ నోళ్లు కనపడగానే పరుగెత్తాలి. నీటిని చిలికే ఏరేటర్లు తిప్పాలి, ఇంజను పెట్టి కొత్త నీరు తోడాలి. ఆలస్యమైతే మధ్యాహ్నానికి చెరువంతా తెల్లటి పొట్టలు.

కొంగలంకలో పోతురాజు మీసం రాకముందు నుంచీ ఆ నోళ్లను చూస్తూ బతికాడు. ఆ ఉదయం ఆకాశం బూడిద పూసినట్టుంది. ఆకు కదలడం లేదు. తప్పకుండా తేలాల్సిన పొద్దు. అతను గట్టు చివర గొంతుక్కూర్చుని చూశాడు. ఒక్క నోరు కనపడలేదు. చెరువు దుప్పటి పరిచినట్టుంది.

అంతలో జేబులో ఫోను గంట కొట్టింది. చెరువులో పాతిన మీటరు పంపిన గంట. నీటిలో గాలి పడిపోయిందని.

"దుర్గయ్యా! ఏరేటర్లు వెయ్యరా!"

చెరువు కాపలా చూసే దుర్గయ్య గట్టు మీది మకాం పాకలోంచి నింపాదిగా నడిచొచ్చాడు. "వేస్తన్నా బాబాయ్. ఎందుకంత కంగారు? చేపే కంగారు పడట్లేదు."

అదే పోతురాజు కంగారు. అడుగున వేల చేపలు ఊపిరాడక చస్తూ ఉండొచ్చు. ఒక్కటీ పైకొచ్చి చెప్పదు. ఆ చెరువు మేస్తున్నది నిమ్మళం.

ఆ మేత చేసింది అతని కూతురు హైమ. చిన్నప్పుడు చేపల పట్టుబడి రోజున హైమ గట్టు మీద నిలబడి రెండు చెవులూ మూసుకునేది. వల లాగి, చేపల్ని పెట్టెల్లో పేర్చి, మీద ఐసు పోశాక అవి చాలాసేపు కొట్టుకుంటాయి. "చేప అరవదు కదే పిచ్చిదానా" అని పోతురాజు నవ్వితే, "అరిస్తే బాగుండును. మీకు వినపడేది" అనేది. ఆ పిల్ల పెద్దదై చేపల వైద్యం చదివింది. కైకలూరు రోడ్డులో ఒక మేత కంపెనీ ల్యాబ్‌లో చేరింది. సముద్రపు నాచులోంచి తీసిన పదార్థమొకటి పట్టుకుని కొన్నేళ్లు తల ఎత్తకుండా కూర్చుంది.

ఒకనాడు మకాం ముందు తొట్టిలోంచి శీలావతిని ఎత్తి తడిగోనె మీద పడుకోబెట్టింది. చేప కొట్టుకోలేదు. తోక ఆడలేదు. మొప్పలు మెల్లగా తెరుచుకుంటున్నాయి, మూసుకుంటున్నాయి.

"చచ్చిందా?" అన్నాడు పోతురాజు.

"బతికే ఉంది నాన్నా. నీళ్లలో లేనని దానికి తెలుసు. ఊపిరాడట్లేదనీ తెలుసు. పట్టింపు లేదు, అంతే. నొప్పి వేరు, నొప్పి మీద పట్టింపు వేరు. ఈ మేత ఆ పట్టింపుని ఆపుద్ది."

"మరి గాలి పడిపోతే మనకెలా చెబుద్ది?"

"మీటరు చెబుద్ది."

"మీటరు చెడిపోతే?"

"నీకన్నీ అనుమానాలే" అని హైమ చేపను మళ్లీ తొట్టిలో వదిలింది. అది ఏమీ జరగనట్టు ఈదుకుంటూ పోయింది.

పై దేశాల దుకాణాల వాళ్లు బాధపడకుండా పెరిగిన చేప, బాధపడకుండా చచ్చిన చేప అడుగుతున్నారట. బెదురు లేని చేపకు రోగాలూ తక్కువట. పోతురాజు తన చెరువిచ్చాడు. చేప మీద ప్రేమతో ఇవ్వలేదు. ఇరుకు గుంటలో చేపపిల్లల్ని ఏడాదిపాటు ఆకలి మీద ఆపి, పెద్ద చెరువులో వదిలితే ఆవురావురుమని మేసి తొందరగా పెరుగుతాయి. కొల్లేటి చుట్టూ అందరూ చేసేదే, అతనూ చేశాడు. చేప ఆకలి గురించి ఏనాడూ నిద్ర పాడుచేసుకోలేదు. కూతురు అడిగింది కాబట్టి ఇచ్చాడు. తల్లి పోయాక హైమ అతన్ని అడిగిన మొదటి సంగతి అది.

ఆ తల్లి, నాంచారమ్మ, గుండెనొప్పిని దాచుకుని పోయింది. ఆ రోజు పట్టుబడి. లారీ వచ్చి ఉంది, కూలీలకు వండాలి. "కాస్త నలతగా ఉందంతే" అంది. వంట ముగించి గోడకానుకుని కూర్చుంది. మళ్లీ లేవలేదు. చెప్పి ఉంటే ఆసుపత్రి ఎంత దూరం? చెప్పనందుకు పోతురాజు ఇప్పటికీ ఆమెను క్షమించలేదు. పెదకర్మ నాడు బంధువులు చేపల పులుసు బాగా కుదిరిందని మారు అడిగి వేయించుకున్నారు. విస్తళ్లలో ముళ్లు కుప్పలు పడ్డాయి. ఆ పూట నుంచి అతను చేప ముట్టలేదు. ఊళ్లో నవ్వారు. చేపల చెరువు పెట్టుకుని పప్పు తింటాడన్నారు. అనుకోనీ అన్నాడు.

కంపెనీ పెట్టిన షరతు ఒకటే. పరీక్షలు పూర్తయ్యేదాకా ఆ చెరువు చేపను అమ్మకూడదు. పోతురాజు అమ్మలేదు. ఒక్క చేపను కూడా బేరానికి చూపలేదు. అయితే పదిహేను రోజులకోసారి ఎదుగుదల చూడ్డానికి చిన్న వల వేస్తారు. బుట్టెడు చేపలు వస్తాయి. తూచి చూసినవాటిని మళ్లీ నీళ్లలో వదిలితే పొలుసు లేచి, పుండు పడి చస్తాయని వదలరు. అవి కూరచేపలు. వల లాగినవాళ్లకీ, గట్టు పక్క ఇళ్లకీ, యజమాని ఇంటికీ తలా ఒకటి. తాతల నాటి నుంచీ అంతే. కూరచేపను ఎవరూ అమ్మకం కింద లెక్కెయ్యరు. షరతు రాసిన హైమ కూడా ఆ చెరువు గట్టునే పెరిగింది. నాన్న చెరువు నుంచి కూరచేప ఇంటికొస్తే ఏ చెరువుదని ఆ ఇంట్లో ఎవరూ అడిగి ఎరగరు. హైమే శుభ్రం చేసింది. పులుసు పెట్టింది. తను తింది, తన కూతురికీ పెట్టింది.

మొదట తేడా కనపడింది దుర్గయ్య కాలిలో.

దుర్గయ్య కుంటుతూ మేత సంచులు మోస్తున్నాడు. తవుడూ వేరుశనగ చెక్కా కలిపి నింపిన చిల్లుల సంచుల్ని నీళ్లలో కట్టిన తాళ్లకు వేలాడదీస్తే చేపలు వచ్చి చిల్లుల్లోంచి మేస్తాయి. అతని పాదం బూరెలా వాచి ఉంది. జెల్లచేప ముల్లు దిగిన చోట చీము.

"ఏరా, అది ఎన్నాళ్లయింది దిగి?"

"ఏమో బాబాయ్. మొన్నో అటుమొన్నో."

"నొప్పి లేదా?"

దుర్గయ్య కాలు వంక చూసుకున్నాడు, పక్కింటివాడి కాలు చూసినట్టు. "ఉంది. ఉంటే ఉందిలే."

దుర్గయ్య సంగతి తెలియనివాడు కాదు పోతురాజు. గోరుచుట్టు లేస్తే ఊరంతా తిరిగి చూపించే మనిషి. జలుబు చేస్తే భార్యతో వీలునామా గురించి మాట్లాడే మనిషి. అతన్ని బండెక్కించి కైకలూరు తీసుకెళ్లి కోయించాడు. కోస్తున్నంతసేపూ దుర్గయ్య గోడ మీద బల్లిని చూస్తూ కూర్చున్నాడు.

తర్వాత ఒక్కొక్కటే కనపడసాగింది. కుళాయి దగ్గర బిందెల తగువు లేదు. గట్టు పక్కింటి వీరమ్మ పెరట్లో పాము దూరిందని పిల్లలు చెబితే, ఆమె బియ్యం ఏరుకుంటూ "పోద్దిలే" అంది. పరీక్ష తప్పిన కుర్రాడు తప్పానని నవ్వుతూ చెప్పాడు, తండ్రి నవ్వుతూ విన్నాడు. ఊరు బాగుపడిందని పూజారి సంతోషించాడు. పోతురాజుకి మాత్రం సంతోషం కలగలేదు. మబ్బు పట్టినా నోళ్లు తేలని చెరువు గట్టు మీద నిలబడ్డట్టే ఉంది ఊళ్లో నడుస్తుంటే.

హైమా, ఆమె కూతురు జాహ్నవీ అతని దగ్గరే ఉంటారు. అల్లుడు ఓడ మీద పని చేస్తాడు, ఏడాదిలో సగం నీళ్ల మీదే. జాహ్నవి ఒకటో తరగతి. పుట్టుకతోనే ఉబ్బసం. దుమ్ము తగిలినా, చలి తగిలినా ఆయాసం వస్తుంది. వస్తుందనిపించగానే భయపడిపోయి, పీల్చే పంపు చేత్తో పట్టుకుని, "తాతయ్యా, తాతయ్యా" అంటూ పరుగెత్తుకొస్తుంది. ఆ భయమే దాన్ని ఇన్నాళ్లూ బతికించింది.

ఒక సాయంత్రం అతను చెరువు నుంచి వచ్చేసరికి పిల్ల వసారాలో బొమ్మకు చీర కడుతోంది. తలెత్తి నవ్వింది. పెదాలు నేరేడుపండు తిన్నట్టున్నాయి.

"నేరేడుపళ్లు ఎక్కడివే?"

పిల్ల తల అడ్డంగా ఊపింది. మాట రాలేదు. అప్పుడు చూశాడు. గొంతు కింద గుంట లోపలికి పీక్కుపోతోంది. పక్కటెముకల మధ్య చర్మం లోపలికి లాక్కుంటోంది. పిల్లిపిల్ల కూతలాంటి చప్పుడు. చేతులు మాత్రం బొమ్మ చీర కుచ్చిళ్లు సర్దుతూనే ఉన్నాయి.

పంపు గూట్లో ఉంది. పిల్ల చెయ్యి అందే గూడే. పోతురాజు ఎలా తెచ్చాడో, ఎలా నోట్లో పెట్టాడో తెలియదు. "పీల్చు. పీల్చవే. ఇంకోసారి." పిల్లను భుజాన వేసుకుని బండి మీద డాక్టరు దగ్గరికి పరుగెత్తాడు. డాక్టరు ముక్కుకి గొట్టం పెట్టి, "ఇంత ముదిరేదాకా ఏం చేస్తున్నారండీ? పిల్ల చెప్పలేదా?" అని కసిరాడు.

పెదాలకి రంగు తిరిగాక అడిగాడు. "జానూ, ఆయాసం వచ్చిందని తెలియలేదా?"

"తెలిసింది తాతయ్యా."

"మరి పంపు తీసుకోలేదేం? నన్ను పిలవలేదేం?"

పిల్ల ఆలోచించింది. "వస్తే వచ్చిందిలే అనుకున్నా."

దుర్గయ్య మాట. అదే మాట, అదే గొంతు. పోతురాజు ఆ చెరువు కూరచేప తిన్నదెవరెవరో లెక్కేశాడు. దుర్గయ్య తిన్నాడు. వీరమ్మ తింది. పిల్ల తింది. తిననిది తనొక్కడే.

మర్నాడు ల్యాబ్‌కి వెళ్లాడు. అద్దాల తొట్ల మధ్య హైమ తెల్లకోటు వేసుకుని కూర్చుని ఉంది. అతను చెప్పిందంతా అడ్డు రాకుండా వింది. విని, లేచి, పాత కాగితాలు తీసి చూసింది.

"ఉడికిస్తే విరిగిపోతుందని పరీక్ష చేశాం నాన్నా. నీళ్లలో ఉడికించాం."

"నీళ్లలో ఉడికించుకుని ఎవడే తినేది ఇక్కడ?"

"అవును. చింతపండు పులుపులో విరగదనుకుంటా. పులుపు దాన్ని కాపాడుద్ది. అది చూడలేదు మేం." తల ఊపింది, లెక్కలో చిన్న తప్పు దొరికినట్టు. "నువ్వు చెప్పింది నిజమే అయ్యుంటుంది. చేపకి పనిచేసిన చోటే మనిషికీ పనిచేస్తుంది. రిపోర్టు రాస్తాను. వచ్చే వారం."

"వచ్చే వారమా?"

"ఈ వారం పట్టుబడి ఉంది కదా. ఆ చెరువు చేప అమ్మకానికి అనుమతి వచ్చేసింది. నేనే సంతకం పెట్టాను."

"హైమా. పిల్ల చచ్చిపోయేదే నిన్న."

"అవును" అంది హైమ. "ఇంకాసేపుంటే చచ్చిపోయేది."

అని కలం మూత పెట్టింది.

పోతురాజు ఆమె ముఖంలోకి చూశాడు. ఈ మనిషి పిల్లకి వేడి చేస్తేనే రాత్రంతా మంచం పక్కన నిలబడేది. స్కూలు బస్సు కాస్త ఆలస్యమైతే రోడ్డు మీదికి పరుగెత్తేది. ఇప్పుడు ఆ కళ్లు తడిగోనె మీది శీలావతి కళ్లు. కొట్టడానికి చెయ్యెత్తాడు. కొట్టినా ఏమంటుందో తెలుసు. తగిలితే తగిలిందిలే అంటుంది. చెయ్యి దించేశాడు.

"ఎన్నాళ్లుంటుంది ఒంట్లో?"

"చేపకైతే మేత ఆపాక కొన్ని వారాలు. మనిషికి ఎవరు చూశారు? ఇంకా తినకుండా ఉంటే తగ్గొచ్చు. తగ్గకపోనూ వచ్చు."

ఇంటికొచ్చి అటక మీది ఉప్పుచేపల కుండ దించి గోతిలో పాతిపెట్టాడు. వీధి వీధీ తిరిగాడు. ఆ చెరువు చేప తినకండి, దాచుకున్నది పారేయండి, పిల్లలకసలు పెట్టకండి అని ఇంటింటికీ చెప్పాడు. అందరూ విన్నారు. కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చారు. "అలాగే బాబాయ్, అలాగే" అన్నారు. అతను వీధి మలుపు తిరిగేలోపే వీరమ్మ ఇంట్లోంచి పులుసు మరుగుతున్న వాసన వచ్చింది. భయం లేని మనిషికి హెచ్చరిక చెవికెక్కదు. వాళ్లు అబద్ధమాడలేదు. మరిచిపోలేదు కూడా. పట్టించుకోలేదు, అంతే.

ఆ పూట అన్నం దగ్గర హైమ అతని కంచం పక్కన గిన్నె పెట్టింది. మూత తీస్తే పులుసు.

"ఎక్కడిదే ఇది?"

"వీరమ్మత్త ఇచ్చింది. జానూకి పెట్టలేదులే, నువ్వొద్దన్నావుగా. నువ్వు తిను నాన్నా. ఒక్క ముద్ద. ఎన్నేళ్లని ఇలా రగిలిపోతావు? అమ్మ గుర్తొస్తుంది, కానీ బాధుండదు. నాకు లేదు చూడు."

దయతోనే అంది. పోతురాజు గిన్నె వంక చూశాడు. నిజం చెప్పాలంటే చెయ్యి కదిలింది. గోడకానుకుని కూర్చున్న నాంచారమ్మ ఎన్నేళ్లుగానో అతని కళ్ల ముందు నుంచి లేవలేదు. ఒక్క ముద్దతో లేస్తుంది. హాయిగా పడుకోవచ్చు. పడుకుంటే, పక్క గదిలో పిల్ల గొంతు కింది గుంట ఎవరు చూస్తారు?

గిన్నె తీసుకెళ్లి పెరట్లో గుమ్మరించి, పైన మన్ను కప్పాడు. ఎవరిల్లు ఏమైనా, ఈ ఇంట్లో ఒక్కడు భయపడుతూ ఉండాలి.

ఆ రోజు నుంచి పిల్లను వదల్లేదు. బడికి తీసుకెళ్లి కిటికీ బయట కూర్చునేవాడు. టీచరు చీదరించుకుంది. పంపు జేబులో, చూపు పిల్ల మెడ మీద. ఆడుకుంటున్న పిల్లను పట్టుకుని ఛాతీకి చెవి ఆనించి వినేవాడు. "వదులు తాతయ్యా" అనేది కూడా కాదు. ఎంతసేపు పట్టుకుంటే అంతసేపు నిలబడేది. అదే అతనికి దడ పుట్టించేది.

పట్టుబడి రోజు తెల్లారింది. కంపెనీ నుంచి ఫణీంద్ర అనే మేనేజరు వచ్చాడు. ఐసు లారీ గట్టు కింద ఆగింది. వలవాళ్లు నడుముకి తువ్వాళ్లు బిగించారు. ఇంట్లో ఒంటరిగా వదల్లేక పోతురాజు జాహ్నవిని వెంట తెచ్చాడు. లారీకి అడ్డంగా నిలబడ్డాడు.

"నా చెరువు. నేను పట్టనివ్వను."

"ఒప్పందం ఉందండీ" అన్నాడు ఫణీంద్ర. వీడు చేప తినలేదు, కోపం బాగానే వచ్చింది. "మీ అమ్మాయిగారే సంతకం పెట్టారు. ఇప్పుడు కాదంటే ఎలాగండీ? అవతల విమానానికి మాట ఇచ్చాం."

"ఈ చేప తింటే మనుషులు మొద్దులైపోతారయ్యా. నా మాట నమ్మకపోతే మా ఊరు చూడు."

"చూశానండి. ఇంత ప్రశాంతమైన ఊరు నేనెక్కడా చూళ్లేదు."

"ప్రశాంతం కాదురా అది! ఊపిరాడక చస్తా కూడా..." అంటూ పోతురాజు అతని చొక్కా పట్టుకున్నాడు. వలవాళ్లు చుట్టూ చేరారు. ఎవరూ విడిపించలేదు, ఎవరూ కలగజేసుకోలేదు. నిలబడి చూశారు. హైమ కూడా నిలబడి చూసింది.

చొక్కా వదిలి వెనక్కి తిరిగేసరికి పిల్ల లేదు.

"జానూ!"

గట్టు మీద లేదు. మకాంలో లేదు. నీళ్ల అంచుకి పరుగెత్తాడు, చెరువు కదల్లేదు. "హైమా! పిల్ల ఏదే?"

"ఇక్కడే ఎక్కడో ఉంటుందిలే నాన్నా."

"దుర్గయ్యా! చూడలేదట్రా?"

"బస్తాల వైపు వెళ్లినట్టుంది బాబాయ్" అన్నాడు దుర్గయ్య. కదలకుండానే చెప్పాడు.

తవుడు బస్తాలు మకాం వెనక మనిషెత్తు పేర్చి ఉన్నాయి. రెండు వరసల మధ్య సందులో జాహ్నవి కాళ్లు చాపుకుని కూర్చుని ఉంది. ఒక బస్తా చిరిగి తవుడు ఒళ్లో పోగుపడింది. దాంతో గూళ్లు కట్టుకుంటూ కూర్చుంది కాబోలు. జుట్టూ కనురెప్పలూ తెల్లగా దుమ్ము. ముఖం నీలం. కళ్లు తెరిచే ఉన్నాయి. తాతను చూసి నవ్వబోయి పక్కకి ఒరిగింది.

పంపు నోట్లో పెడితే పీల్చే బలం లేదు. పిల్లను ఎత్తుకుని లారీ దగ్గరికి పరుగెత్తాడు. "తియ్యరా బండి! తియ్యి!" డ్రైవరు ఏలూరువాడు, ఆ ఊరి చేప ఎరగడు. పిల్ల ముఖం చూసి హడలిపోయి, ఐసుపెట్టెలు దొర్లిపోతున్నా చూడకుండా బండి దూకించాడు. దారంతా పోతురాజు పిల్ల నోట్లో తన ఊపిరి ఊదుతూనే ఉన్నాడు. ఊదిన ప్రతిసారీ చిన్న ఛాతీ లేస్తుందో లేదో చూసేవాడు. లేచిందనుకునేవాడు. లేవలేదేమో అనుకునేవాడు.

బతికింది. గాజుతలుపు అవతల గొట్టాల మధ్య చాలా రోజులు పడుకుని బతికింది. హైమ వచ్చి తలుపు ఇవతల కూర్చుంది. క్యాంటీన్ నుంచి ఇడ్లీ తెచ్చుకుని తింది. చట్నీ బాగుందంది. పోతురాజు ఆమె పక్కన కూర్చోలేదు.

పిల్ల ప్రమాదం తప్పిన మర్నాడు అతను ఊరొచ్చాడు. ఆ రోజు లారీ వెళ్లిపోయి, విమానం తప్పి, పట్టుబడి వాయిదా పడింది; చేపలన్నీ చెరువులోనే ఉన్నాయి. మబ్బు పట్టే ఉంది. మీటరు తీగ పీకేశాడు. ఏరేటర్ల మీటలు దించేశాడు. గట్టు మీద కూర్చుని చూశాడు.

జీవితంలో ఎన్నో చెరువులు చచ్చిపోవడం చూశాడు. చివరి గంటలో నీళ్లు మరిగినట్టు ఉడికిపోతాయి, చేపలు ఒడ్డుకెక్కి పడతాయి. ఈ చెరువు కదల్లేదు. ఒక్క నోరు పైకి రాలేదు. అడుగున ఒకదాని పక్కన ఒకటి నిమ్మళంగా చచ్చిపోయాయి. ఉబ్బాక తేలాయి. హైమ కోరుకున్నట్టే ఒక్కటీ బాధపడలేదు. కొట్టుకుంటూ చచ్చిన చేపల్ని చూసి పోతురాజు ఏనాడూ ఇంత భయపడలేదు.

గొయ్యి తీయించి, సున్నం పోసి పూడ్పించాడు. కూరకి ఒక్కటి తీసుకోవచ్చా అని అడిగినవాణ్ని పారతో తరిమాడు. ఫణీంద్ర కేసు పెడతానన్నాడు. పెట్టుకో అన్నాడు. కంపెనీ మాత్రం ఇంకో ఊళ్లో ఇంకో చెరువు వెతుక్కుంటోందని తర్వాత తెలిసింది. ఆ ఊరి పేరు కనుక్కుని, బస్సెక్కి వెళ్లి, వాళ్ల గట్టు మీద నిలబడి చెప్పాడు. వాళ్లకింకా భయం ఉంది. విన్నారు.

ఇక ఎదురుచూడడమే మిగిలింది. పిల్ల ఇంటికొచ్చింది. వారాలు గడిచాయి. పోతురాజు పిల్ల పక్కనే చాప వేసుకునేవాడు, ఎక్కడికెళ్లినా వెంట నడిచేవాడు. చిక్కిపోయాడు. రోజూ ఒకే ప్రశ్న అడిగేవాడు. "ఎలా ఉందే?" "బానే ఉంది తాతయ్యా." నమ్మేవాడు కాదు. మెడ చూసేవాడు, గోళ్ల రంగు చూసేవాడు. దుర్గయ్య ఒకరోజు కొత్త చెప్పు కరిచిందని కుయ్యోమని గోల పెట్టాడు. పోతురాజు ఆ చెప్పు పుండు చూడ్డానికి ఊరి చివరి దాకా వెళ్లాడు. "చూడు బాబాయ్, చూడు ఎలా కమిలిందో, నడవలేకపోతన్నా" అని దుర్గయ్య ఏడుస్తుంటే అలాగే నిలబడి విన్నాడు. వాడు చేప తినడం మానేసింది వీళ్లకంటే ముందు. కాలు కోసినప్పుడు మందులు వాడినన్నాళ్లూ చేప తినొద్దని పథ్యం పెట్టాడు డాక్టరు. అయితే తగ్గుతుంది. కానీ చిన్నపిల్లకి ఎప్పుడు తగ్గుతుంది? తగ్గేలోపు ఇంకో దుమ్ము తగిలితే?

ఒక పొద్దున హైమ వసారాలో జాహ్నవికి జడ వేస్తోంది. బడికి టైమవుతోంది. పోతురాజు మెట్టు మీద కూర్చుని పిల్ల వీపు లేవడం, పడడం చూస్తున్నాడు. దువ్వెన ఆగింది.

"నాన్నా" అంది హైమ. గొంతు వేరేగా ఉంది. "ఆ రోజు బస్తాల వెనక... ఎంతసేపుంది?"

"తెలియదు."

"నేను అక్కడే నిలబడ్డాను. నువ్వు పిలుస్తుంటే."

"నిలబడ్డావు."

"నువ్వు పిల్ల ఏదే అని అడిగావు. ఉంటుందిలే అన్నాను. ఉంటుందిలే అన్నానా నాన్నా?"

"అన్నావు."

అతను కాదనలేదు, ఓదార్చలేదు. ఆ మాటను తగ్గించి చెప్పే ఉద్దేశం అతనికి లేదు. హైమ నోరు తెరిచింది. కేక పక్కింటివాళ్లు గోడ మీంచి తొంగి చూసేలా వచ్చింది. దువ్వెన విసిరేసి పిల్లను వెనకనుంచి రెండు చేతులా వాటేసుకుంది. గుండెకేసి అదుముకుంది, ఎవరో లాక్కుపోతున్నట్టు. ఊగిపోతూ ఏడుస్తోంది. జడపాయలు ఆమె వేళ్లకు చుట్టుకుని ఉన్నాయి.

జాహ్నవి ముఖం ముడుచుకుంది.

"అమ్మా, వదులు."

హైమ ఇంకా గట్టిగా పట్టుకుంది.

"వదులమ్మా! జుట్టు లాగుతోంది! ఊపిరాడట్లేదు! తాతయ్యా, వదలమను! ఊపిరాడట్లేదు నాకు!"

పోతురాజు జేబులో పంపు పట్టుకుని లేవబోయాడు. సగం లేచి ఆగిపోయాడు. పిల్ల గింజుకుంటోంది. కాళ్లు కొట్టుకుంటోంది, మోచేతుల్తో తల్లిని పొడుస్తోంది, వీధి వీధంతా వినేలా అరుస్తోంది.